కంచరగాడిదల మిలిటరీ

మా నాయన ఎవరినీ కుదిపి నిద్రలేపడం నేను చూడలేదు. తలవైపు, మనిషికి కనబడేచోట నిలబడి ముందు పేరుపెట్టి పిలిచేవాడు. పలికితే సరే. పలకకపోతే మరోసారి పిలిచి, అప్పుడు మెల్లగా భుజం మీద చెయ్యి వేసేవాడు. "ముందు మాట, తర్వాత చెయ్యి" అనేవాడు. ఉయ్యాల్లో బిడ్డను ఎత్తుకున్నా అంతే, వీధిలో కుక్కను నిమిరినా అంతే. చిన్నప్పుడు అది ఆయన మర్యాద అనుకున్నాను. చప్పుడు చేయకుండా వెనకనుంచి పోయి తాకితే కంచరగాడిద పళ్ళు రాలేట్టు తంతుందనీ, ఆ అలవాటు అక్కడ వచ్చిందనీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

నాయన పదిహేనేళ్ళు మిలిటరీలో ఉన్నాడు. బండ్లు పోలేని మంచుకొండల దారుల్లో, పైన కాపలా కాసే సైనికులకు బియ్యం, కిరసనాయిలు, మందులు, తూటాలు మోసే కంచరగాడిదలను తోలడం ఆయన పని. ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కాళ్ళుపెట్టుకుని పెరిగిన మనిషికి ఆ పని ఎట్లా దొరికిందో నాకు తెలియదు. ముడులు వేయడం బాగా వచ్చని తీసుకున్నారని ఆయనే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. నిజమో, మమ్మల్ని నవ్వించడానికి చెప్పాడో.

ముడుల సంగతి మాత్రం నిజం. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ పురిటికని పుట్టింటికి పోతే, నెలరోజులు నాకు నాయనే జడ వేశాడు. మూడు పాయలు తీసి, తాడు పేనినట్టు పేని, చివర ఏదో కొండముడి వేసేవాడు. మూడు రోజులైనా ఆ జడ ఊడేది కాదు. విప్పుకోవాలన్నా మళ్ళీ ఆయన దగ్గరికే పోవాలి. బడిలో పిల్లలు నా జడ పట్టుకుని "ఇది నీళ్ళబావి తాడు మే" అని ఏడిపించేవాళ్ళు. ఇంటికొచ్చి ఏడిస్తే, "ఊడలేదు గదా? ఇంకేం కావాల?" అన్నాడు నాయన. ఆయన లెక్కలో జడకు ఉండాల్సిన గుణం అదొక్కటే.

మిలిటరీనుంచి వచ్చాక ఆదోనిలో ఒక పత్తి మిల్లు గేటు దగ్గర కాపలా పని దొరికింది. మేము అప్పటినుంచి ఆదోనివాళ్ళమైపోయాం. వీధిలో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ "మిలిటరీ". టీ అంగడిలో కొత్త మనిషెవరైనా కూర్చుంటే ఆ ప్రశ్న రాక తప్పేది కాదు.

"ఎంతమందిని కాల్చినావప్పా మిలిటరీ?"

"ఒక్కర్ని గూడా లేదప్పా. నాలుగు కంచరగాడిదలకు మేత పెట్టినా, నీళ్ళు పెట్టినా."

బెంచీ మీదున్నవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. నాయన టీ నిలబడే తాగేవాడు. నవ్వు అయిపోయేదాకా ఆగి, గ్లాసు కడిగి ఇచ్చి వచ్చేసేవాడు. వెనకనుంచి ఎవరో "కంచరగాడిదల మిలిటరీ" అనడం నేను రెండు మూడుసార్లు విన్నాను. ఆయనా వినే ఉంటాడు.

పత్తి వచ్చే రోజుల్లో మిల్లు ముందు ఎద్దులబండ్లు బారులు తీరేవి. ఆలూరు వైపు నుంచి, ఆస్పరి వైపు నుంచి, ఇంకా ఎక్కడెక్కడినుంచో. నాయన చెయ్యాల్సిన పని బండిని ఆపి చీటీ చూసి లోపలికి వదలడం. కానీ ఆయన ముందు ఎద్దుల మెడలు చూసేవాడు. కాడి రాసుకుని పుండు పడిన ఎద్దు కనిపిస్తే బండి అక్కడే ఆగిపోయేది.

"కాడి దించు."

"ఏందన్నా, నా వెనకాల ఇరవై బండ్లు ఉండాయి!"

"ఉండనీ. కాడి దించి ఎద్దును నీడకు కట్టు. బండిని మనుషులతో తోయిస్తా."

చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న రేకు డబ్బీ ఉండేది. వేపనూనె, పసుపు, కర్పూరం కలిపి తనే చేసుకున్న మందు. ఎద్దుకు ఎదురుగా పోయి, దానితో ఏదో మాట చెప్పి, మెడ మీద చెయ్యి వేసి, ఆ తర్వాత పుండుకు రాసేవాడు. రైతులు తిట్టుకునేవాళ్ళు. మిల్లు గుమాస్తా కూడా ఒకటి రెండుసార్లు గట్టిగా మందలించాడు. మరుసటి ఏడాది అదే రైతులు గేటు దగ్గర దిగి, "అన్నా, సూడు, ఈసారి మెడ సక్కగుంది" అని చూపించి పోయేవాళ్ళు.

ఇవన్నీ ఇప్పుడు ముచ్చటగా చెప్తున్నాను కానీ, అప్పుడు నాకు ఇవేవీ గొప్పగా అనిపించేవి కావు. ఒక రోజైతే మరీ అన్యాయంగా మాట్లాడాను.

నేను ఎనిమిదో తరగతి. ఆగస్టు పదిహేనుకు మా హెడ్మాస్టరుగారు నాయనను బడికి పిలిపించారు. జెండా ఎగరేసిన తర్వాత యుద్ధం గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. వారం ముందునుంచే నేను క్లాసంతా చాటింపు వేశాను. నాయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఎడమ జేబుపైన మూడు మెడల్స్ పెట్టుకుని వచ్చాడు. మైకు ముందు నిటారుగా నిలబడ్డాడు. మొదలుపెట్టాడు.

కంచరగాడిద మీద బరువు ఎట్లా కట్టాలో చెప్పాడు. రెండు వైపులా సమానంగా లేకపోతే కొండదారిలో అది ఒక పక్కకు ఒరిగి లోయలో పడుతుందని చెప్పాడు. రోజంతా నడిచి గుడారం చేరినాక మనకెంత దప్పికైనా సరే, "అది తాగినాకనే మనం తాగాల. అది తిన్నాకనే మనం తినాల. అదే రూలు" అని చెప్పాడు. అప్పుడు వెనక వరసలోంచి ఎవడో గాడిద ఓండ్రపెట్టినట్టు ఓండ్రపెట్టాడు. బడి మొత్తం నవ్వింది. టీచర్లు కూడా నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నాయన ఆ నవ్వు ఆగేదాకా ఎదురుచూసి ఇంకేదో చెప్పబోయాడు కానీ, హెడ్మాస్టరుగారు చప్పట్లు కొట్టించేశారు.

ఇంటికొచ్చి పుస్తకాల సంచి విసిరికొట్టాను.

"నిన్ను యుద్ధం గురించి సెప్పమన్నారు. గాడిదల గురించి ఏంటికి సెప్పినావు? నువ్వు తుపాకీ పట్టుకోలేదా?"

"పట్టుకున్నా పాపా. దాంతో సెప్పుకునేంత పని ఏం సేయలేదు."

"అట్లయితే రాకుండా ఉండాల్సింది. నా పరువు పోయింది."

నాయన కోపగించుకోలేదు. చొక్కాకున్న మెడల్స్ ఒక్కొక్కటే తీసి చేతిరుమాలులో చుట్టాడు. వంటింటి పక్క గదిలో ఆయన నల్ల ఇనుప పెట్టె ఉండేది, మూత మీద తెల్లరంగుతో నంబరు రాసింది. ఆ పెట్టెలో పెట్టేశాడు. ఆ తర్వాత వాటిని పెట్టుకోవడం నేను చూడలేదు. తర్వాతి ఏడాది హెడ్మాస్టరుగారు మళ్ళీ కబురు పంపితే మిల్లులో డ్యూటీ ఉందన్నాడు. ఆ రోజు మిల్లుకు సెలవని నాకు తెలుసు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం కాలేజీనుంచి నడిచి వస్తున్నాను. మార్కెట్ యార్డు రోడ్డు మీద గుంపు కనిపించింది. బాషా అనే ఆయన జట్కా గుర్రం నడిరోడ్డు మీద కూలబడి ఉంది. నురగ కక్కుతోంది. జట్కా ఒక పక్కకు ఒరిగి, పట్టీలు దాని పొట్టను నొక్కేస్తున్నాయి. బాషా ఒకవైపు ఏడుస్తున్నాడు, ఒకవైపు చర్నాకోలతో కొడుతున్నాడు. కొట్టకపోతే లేవదని చుట్టూ ఉన్నవాళ్ళు చెప్తున్నారు.

గుంపును తోసుకుంటూ మిల్లు గేటు వైపునుంచి నాయన వచ్చాడు. నేను ఆయనకు కనబడకుండా ఒక అంగడి నీడలో నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, మళ్ళీ అందరూ నవ్వుతారేమోనని నిలబడ్డాను.

"భాయ్, ముందు కొట్టేది ఆపు" అన్నాడు నాయన. "నీళ్ళు తెప్పించు. నాలుగు గోనెసంచులు గూడా."

ఎవరో చాకు తెచ్చి పట్టీలు కోసెయ్యమన్నారు.

"కోస్తే రేపు ఈయన బండి దేంతో కడతాడు?" అని నాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బిగుసుకుపోయిన ముడులు ఒక్కొక్కటీ వేళ్ళతోనే విప్పాడు. పదిమంది మగవాళ్ళను పిలిచి బండిని వెనక్కు జరిపించాడు. తడిపిన గోనెసంచులు గుర్రం మెడ మీద, కాళ్ళ మీద వేయించాడు. తర్వాత ఆ కాలే తారురోడ్డు మీద చతికిలబడి, దాని తల తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

మాట్లాడటం మొదలుపెట్టాడు. హిందీలో. "హా బేటీ, బస్ బేటీ, హో గయా" అంటూ, బిడ్డను ఊరడించినట్టు అదే నాలుగైదు మాటలు మళ్ళీ మళ్ళీ. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. మాతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు పొడిగా, తెగగొట్టినట్టు ఉండేది. ఇది వేరే మనిషి గొంతు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. ఎండ తగలకుండా ఒకాయన గొడుగు తెచ్చి పట్టాడు. రెండు గంటలకు పైనే పట్టింది. గుర్రం ముందుకాళ్ళు ఊని, ఒకసారి పడిపోయి, రెండోసారి లేచి నిలబడింది. బాషా నాయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

నేను అంగడి నీడలోంచి బయటికొచ్చాను. నాయన నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. బోరింగు దగ్గర చేతులు కడుక్కుని, మిల్లు గేటు దగ్గర పెట్టిన సద్దిమూట తెచ్చుకుని, "పోదాం పా" అన్నాడు. ఇద్దరం నడుస్తున్నాం. ఆయన ప్యాంటు మీద నురగ మరకలు ఎండిపోతున్నాయి.

"నాయనా, ఆ పొద్దు బడిలో ఇంకా ఏందో సెప్పబోయినావు. ఏంది అది?" అని అడిగాను.

చాలాదూరం నడిచినాక చెప్పాడు.

"సత్తావన్ అని ఒకటుండె. దాని డెక్క మీద నంబరు అది, యాభై ఏడు. అదే పేరై పోయింది. నాలుగేండ్లు నాతోనే ఉండె. ఒకరోజు మంచుదారిలో కాలు జారి కిందికి పోయింది. సచ్చిపోలేదు. ముందుకాలు రెండుగా ఇరిగిపోయింది. కాలు ఇరిగితే అది ఇంక లేయదు. ఆ కొండమీద డాక్టరు ల్యాడు, మోసుకోని పోయేకి దారి ల్యాదు. సుబేదారు నా సేతికి తుపాకీ ఇచ్చి కాల్చెయ్ అన్నాడు."

"కాల్చినావా?"

"లేదు. దాని మెడ పట్టుకోని కూసున్నా. తిట్టినాడు, గుంజినాడు. నేను లేయలేదు. వేరేవాళ్ళను గూడా దగ్గరికి రానీలేదు. గంట అట్లే గడిచిపోయింది. ఆఖరికి నలుగురు వచ్చి నన్ను పక్కకు లాగి, వేరే మనిషి కాల్చినాడు. ఆర్డరు ఇనలేదని నన్ను పద్నాలుగు దినాలు గదిలో పెట్టి తాళం వేసినారు."

"అన్యాయం గదా నాయనా. దాన్ని సంపలేకపోతే శిక్షేంది?"

నాయన ఆగిపోయాడు. నా వైపు తిరిగాడు.

"అట్ల అనుకోవద్దు పాపా. నేను మంచోన్ని గాబట్టి సేయలేదు అనుకుంటాండావు. కాదు. నాకు ధైర్యం సాల్లేదు. ఆ గంటసేపు అది నన్నే సూస్తా అరిసింది. నా సేతిలోనే ఉండె దాని నొప్పి ఆపేది. నేను ఏడుసుకుంటా కూసున్నా. శిక్ష సరిగ్గానే పడింది."

ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. బడిలో ఆ రోజు నేనన్న మాటకు క్షమించమని అడగాలనిపించింది. అడగలేదు. ఇంటి మలుపు దగ్గర ఆయన చేతిలోని సద్దిమూట నేను తీసుకున్నాను. ఆయన ఇచ్చాడు. అంతవరకే జరిగింది.

అమ్మ దగ్గర నేను ఈ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. భర్త మిలిటరీలో పనిచేశాడని నలుగురిలో గొప్పగా చెప్పుకునే మనిషి ఆమె. ఆయన్ను గదిలో పెట్టి తాళం వేశారని తెలిస్తే నొచ్చుకుంటుందని, అది నాయనకూ నాకూ మధ్య ఉండిపోవాల్సిన విషయమని నాకు నేనే తీర్మానించుకున్నాను.

నాయన పోయి ఏడాది దాటింది. ఎండాకాలంలో ఒకరోజు పొద్దున గడ్డం గీసుకుంటూ, అద్దం గోడకు ఆనించి కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేవలేదు. బాషా కబురు విని చేతికర్ర ఊతంగా నడిచి వచ్చాడు. జట్కా మానేసి చాలా కాలమైంది ఆయన. పాడె ఎత్తినప్పుడు కర్రను ఎవరికో ఇచ్చి, వద్దన్నా వినకుండా వీధి చివరిదాకా భుజం పట్టాడు.

మొన్న ఆగస్టుకు ముందు మా వీధివాళ్ళు ఒక ఆలోచన చేశారు. పక్కనే ఉన్న బడిలో, ఈ చుట్టుపక్కల మిలిటరీలో చేసి పోయినవాళ్ళ ఫోటోలు, మెడల్స్, కాగితాలు బల్లల మీద పెట్టి పిల్లలకు చూపిద్దామని. మమ్మల్నీ అడిగారు. నేను ఎమ్మిగనూరులో పంతులమ్మను, బస్సెక్కి వచ్చాను. తమ్ముడు కర్నూలునుంచి వచ్చాడు. అమ్మ వసారాలో చేటలో కొర్రలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. మేమిద్దరం గదిలో ఇనుప పెట్టె తెరిచాం.

పైన పురుగులు కొట్టిన ఉన్ని స్వెటరు. దాని కింద సూదులు, దారం, గుండీలు చుట్టిపెట్టిన ఖాకీ గుడ్డ. ఒక్కో సూదికీ దారం ఎక్కించే ఉంది. కంచరగాడిదల ఒళ్ళు తోమే బ్రష్షు, దాని తోలుపట్టీ ఆయన చేతి ఆకారానికి వంగిపోయింది. తమ్ముడు ఆ పట్టీలోకి చెయ్యి దూర్చి చూశాడు. వాడి చెయ్యి పెద్దది, పట్టలేదు. అడుగున ఒక అట్టలో సర్వీసు కాగితాలు. వాడు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు.

"అక్కా, ఇది సూడు."

మిగతాదంతా నీలం సిరా. ఆ ఒక్క కాగితం మీద నాలుగు వరసలు ఎర్ర సిరాతో ఉన్నాయి. పై అధికారి ఆజ్ఞ పాటించలేదని, పద్నాలుగు రోజుల శిక్ష అని, కింద సంతకం.

"నాయనకు శిక్ష పడిందా? నీకు తెల్సా?"

"తెల్సు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు సెప్పినాడు."

"ఇన్నేండ్లు నాకేంటికి సెప్పలేదు?"

గొంతు తగ్గించి సత్తావన్ కథంతా చెప్పాను. తమ్ముడు తల దించుకుని విన్నాడు. విన్నాక కూడా ఆ కాగితాన్నే చూస్తున్నాడు.

"నువ్వు సెప్తే నాకర్థమైంది. రేపు బల్ల దగ్గరకు వచ్చేవాళ్ళకు ఇంత కథ ఎవరు సెప్తారక్కా? వాళ్ళకు ఎర్ర సిరా ఒక్కటే కనపడతాది. మాట ఇనలేదు, జైల్లో ఏసినారు. ఇన్నేండ్లు గాడిదల మిలిటరీ అని నవ్వింది సాలదా? ఈ ఒక్క కాగితం తీసేద్దాం. అమ్మకు గూడా తెలియకుండా పోతాది."

వద్దు అనాలి నేను. కానీ ఆనాటి బడిలో ఆ ఓండ్ర, ఆ నవ్వు చెవుల్లో తిరిగాయి. అమ్మ మొహం గుర్తొచ్చింది. కాగితాలన్నిటినీ కలిపి కుట్టిన దారం దగ్గరకు నా వేళ్ళే ముందు పోయాయి. నాయన వేసిన ముడి అది. ఎంత గుంజినా రావడం లేదు.

"ఏందిరా ఆ గుసగుసలు?" వసారాలోంచి అమ్మ కేక వేసింది. "ఆ ఎర్ర సిరా కాగితమేనా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అమ్మ చేట పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి గడపలో కూర్చుంది.

"నీకెట్ల తెల్సమ్మా?" అన్నాను.

"నాకు తెల్దా? పెండ్లికి ముందే తెల్సు. నన్ను సూడనీకి లీవులో వచ్చినాడు. ఇద్దరు పెద్దమనుషులను ఎంటబెట్టుకోని. కాఫీ గ్లాసు కింద పెట్టి, మా నాయనతో 'అమ్మాయితో ఒక మాట మాట్లాడాల' అన్నాడు. ఆ కాలంలో అట్ల అడిగేటోళ్ళు యాడుండారు? మా నాయన మొగం మాడిపోయింది. అయినా మిలిటరీ మనిషి గదా అని ఒప్పుకున్నాడు. నేను వాకిలి పక్కన నిలబడినా. ఆయన మూడు గజాల దూరంలో నిలబడినాడు. 'నాకు శిక్ష పడింది. కాగితాల్లో ఎర్ర సిరాతో రాసినారు. ఎవరో సెప్తే తెలిసేదానికన్నా నేనే సెబుతాండా' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"దొంగతనం సేసినావా అని అడిగినా. ల్యాదు అన్నాడు. మనిషిని కొట్టినావా? ల్యాదు. మరేంది అంటే, ఆ కంచరగాడిద సంగతి సెప్పినాడు. నొప్పి పడుతాంటే ఆపలేకపోయినా, గంటసేపు నా వల్ల అల్లాడింది అని."

అమ్మ కొర్రల పొట్టు అంటిన వేళ్ళను కొంగుకు తుడుచుకుంది.

"నాకు భయంగా ఉండె, మిలిటరీవాడు ఎట్లాంటోడో అని. ఆ మాట ఇన్నాక పోయింది. ఏం సెప్పాలో తెలీక, 'కాఫీ సల్లారిపోయింటాది, ఇంకో గ్లాసు తెస్తా కూసో' అన్నా. లోపలికి పోయి మా అమ్మతో, ఈయన్నే సేసుకుంటా అని సెప్పినా. ఆ కాగితాన్ని తీసి పారేస్తారా మీరు?"

తమ్ముడు అట్ట మూసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆగస్టు పదిహేను పొద్దున బడిలో నాయన ఫోటో, మూడు మెడల్స్, బ్రష్షు, కాగితాలు బల్ల మీద సర్దాం. ఎర్ర సిరా ఉన్న కాగితం పైకి కనపడేలా తెరిచిపెట్టింది అమ్మే. పెట్టి, ఒక కుర్చీ తెప్పించుకుని బల్ల పక్కనే కూర్చుంది. జెండా ఎగరేయడం అయినాక పిల్లలు వరసలు విడిచి బల్లల మీదికి వచ్చారు. ఒక పిల్ల ఆ ఎర్ర వరసల మీద వేలు పెట్టి, "ఇదేంది అవ్వా, తప్పు చేస్తే రాసినారా?" అని అడిగింది.

"అవును తల్లీ, తప్పే" అంది అమ్మ. "ఇట్ల దగ్గరికి రా, సెబుతా."